నిద్ర తెప్పించే పాలు



ఈ వారం ఒక ఆకుకూరను గురించి మాట్లాడుకుందాం. తోటకూర, చుక్కకూర, గంగవాయిలి కూర అని మనం రోజూ వండుకునే వాటిలో అది లేదు. హోటళ్ళలో పళ్ళెం కింద పరిచి, పైన ఉల్లి చక్రాలు పెట్టి యిస్తారు చూడండి, ఆ లెట్యూస్ ఆకు. ఉర్దూలో దాన్ని కాహూ అంటారు. మన నిజామాబాదులో, బోధన్‌లో ఆకుగా దాన్ని ఎరిగినవాళ్ళు తక్కువేగాని, కాహూ పేరు మాత్రం పాతకాలపు హకీములకు, యునానీ సరుకులమ్మే కొట్లవాళ్ళకు బాగా తెలుసు.

పాలకూర పేరులో పాలున్నాయి గాని, కాడ విరిస్తే పాలు రావు. కాహూ పేరులో పాలు లేవు, కాడ విరిస్తే మాత్రం తెల్లగా చిమ్ముతాయి. అయితే రోమనులు ఆ పాలను మరిచిపోలేదు. లాటిన్ భాషలో పాలను ‘లాక్’ అంటారు. అందుకే ఆ మొక్కకు ‘లాక్టుకా’ అని పేరు పెట్టారు. ఇంగ్లీషు వాళ్ళ లెట్యూస్ దాన్నుంచి పుట్టిన మాటే. ఆ పాలు తాగితే నిద్ర వస్తుందని మనిషి రెండు వేల ఏళ్ళుగా చెప్పుకుంటున్నాడు. ఆ మాటలో నిజమెంత, దాని వెనకాల జరిగిన వ్యాపారమెంత అన్నదే ఇవాళ్టి ముచ్చట. ఎక్కడి రోము, ఎక్కడి బోధన్ అనుకోకండి. ఈ కథ చివరికి మన వాకిట్లోకే వస్తుంది.

ముందు మొక్క సంగతి చెబుతాను. కాహూ మన బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, కుసుమల కుటుంబంలోది. చలికాలపు పంట. కార్తీకంలో గింజలు చల్లితే పుష్యమాసానికి లేత ఆకులు చేతికొస్తాయి. శక్కర్‌నగర్ క్వార్టర్సులో వున్న రోజుల్లో నేను పెరట్లో ఒక మడి వేసేదాన్ని. శివరాత్రి దాటి ఎండ ముదిరిందంటే ఆకు పెరగడం మానేసి నడిమి నుంచి కాడ లేస్తుంది. అది పూతకాడ. దాన్ని గిల్లితే చాలు, వేలికి తెల్లటి పాలు అంటుకుంటాయి. అప్పటినుంచి ఆకు చేదెక్కుతుంది. ఆ చేదంతా పాలదే.

మొక్కకు ఈ పాలెందుకు? మన కోసం కాదు, పురుగుల కోసం. ఆకు ఈనెల వెంబడి సన్నని గొట్టాలుంటాయి. వాటి నిండా పాలు బిగబట్టినట్టు వుంటాయి. పురుగు కొరికిందంటే పాలు బయటికి తన్నుకొచ్చి దాని నోటికి జిగురులా పట్టేస్తాయి, పైగా చేదు. గాలి తగిలిన కాసేపటికే తెల్లనిది పసుపై, తర్వాత గోధుమరంగుకు తిరిగి గడ్డకడుతుంది. అందులో కాస్త రబ్బరు కూడా వుందని శాస్త్రజ్ఞులు తేల్చారు. జిల్లేడు, మర్రి, బొప్పాయి పాలు కూడా ఇలాంటి కావలివాళ్ళే. కొన్ని పురుగులు మహా గడుసువి. ఆకు తినేముందు ఈనెలకు అడ్డంగా గాటు పెట్టి, పాలు కారిపోనిచ్చి, ఆ తర్వాత తీరిగ్గా భోజనానికి కూర్చుంటాయి.

ఇక మనుషుల సంగతి. 2021లో వెలువడిన ఒక జన్యు పరిశోధన ప్రకారం, కాహూను మొదట సాగు చేసినది కాకసస్ కొండల దగ్గర, సుమారు 6000 ఏళ్ళ కిందట. అదీ ఆకు కోసం కాదు, గింజ కోసం. అక్కడినుంచి ఈజిప్టుకు చేరింది. కార్నాక్‌లో ఫారో సెనుస్రెట్ కట్టించిన తెల్లరాతి మందిరం గోడల మీద, మిన్ అనే దేవుడి పక్కన నిటారుగా నిలబడ్డ కాహూ మొక్కలు చెక్కి వున్నాయి. అవి చెక్కి 3900 ఏళ్ళు దాటింది. మిన్ సంతానాన్నీ పంటనూ యిచ్చే దేవుడు. పాలు కారే మొక్క ఆయనకు ప్రీతి అని వాళ్ళు నమ్మారు. అప్పటికింకా నిద్ర మాట లేదు.

నిద్ర మాట గ్రీకు, రోమను వైద్యులది. అగస్టస్ చక్రవర్తికి క్రీస్తుకు పూర్వం 23లో ప్రాణం మీదికి వచ్చిందట. అంతకుముందు చూసిన వైద్యుడు కాహూ వద్దంటే, ఆంటోనియస్ మూసా అనే వైద్యుడు కాహూ పెట్టి బతికించాడని ప్లినీ అనే పండితుడు రాశాడు. ఊరివాళ్ళు చందాలేసుకుని మూసాకు విగ్రహం నిలబెట్టారు. తర్వాత రెండో శతాబ్దంలో గాలెన్ అనే మహావైద్యుడు, వయసు మీద పడి నిద్ర కరువైనప్పుడు రాత్రిపూట కాహూ తిని నిద్రపోయేవాణ్ణని తన సంగతే రాసుకున్నాడు.

ఈ ఇద్దరి నడుమ, మొదటి శతాబ్దంలో, డియోస్కోరిడెస్ అనే మరో వైద్యుడు వున్నాడు. మూలికల మీద పెద్ద గ్రంథం రాశాడు. ఆయన మాట ఒకటి ఈ కథకంతా కీలకం. అడవి కాహూ పాలు గసగసాల కాయ పాలలా పనిచేస్తాయని, అందుకే కొందరు వీటిని నల్లమందులో కలుపుతారని రాశాడు. గమనించారా? నల్లమందు ఖరీదైనది, గట్టిది. కాహూ పాలు చవకైనవి, బలహీనమైనవి. రెండూ గాటు పెడితే కారే పాలే. రెండూ ఎండితే గోధుమరంగు గడ్డలే. కలిపి అమ్మితే కొనేవాడికేం తెలుస్తుంది? నిద్రమందులో కల్తీ అన్నది రెండు వేల ఏళ్ళనాడే పుట్టిందన్నమాట.

గ్రీకు వైద్యం అరబ్బుల చేతికి వెళ్ళింది. గ్రీకు దేశాన్ని వాళ్ళు యునాన్ అన్నారు గనక ఆ వైద్యానికి యునానీ అని పేరొచ్చింది. ఇబ్న్ సీనా వంటి పండితులు దాన్ని పెంచి పెద్ద చేశారు. పర్షియా మీదుగా ఢిల్లీకి, దక్కనుకు వచ్చింది. నిజాముల కాలంలో దానికి రాజాదరణ దొరికింది. చార్మినారు పక్కన ఇవాళ్టికీ నిలబడి వున్న నిజామియా యునానీ ఆసుపత్రి భవనం ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ హయాంలో కట్టిందే.

హకీముల లెక్కలో ప్రతి వస్తువుకూ ఒక స్వభావం వుంటుంది. వేడి, చలువ, తడి, పొడి అని నాలుగు గుణాలు. మనం ‘మామిడిపండు వేడి, సబ్జా చలవ’ అనుకుంటామే, ఆ దారిలోనే. కాహూది చలువ, తడి స్వభావం. నల్లమందుది చలువ, పొడి స్వభావం. అయితే నల్లమందు చలువ నాలుగో దర్జాలో వుంటుందంటారు. నాలుగో దర్జా అంటే ఇక దాని పైన మెట్టు లేదు, కొద్దిగా హద్దు దాటితే ప్రాణం తీస్తుందని అర్థం. ఆ చదువు పాతదే కావచ్చు. కాని రెండింటినీ ఒకే గాటన కట్టకూడదన్న తెలివి అందులో వుంది.

యునానీలో కాహూ ఎక్కువగా గింజ రూపంలో వాడుతారు. తుఖ్మె కాహూ అంటే కాహూ గింజ, రోగన్ కాహూ అంటే ఆ గింజల నూనె. తలనొప్పికీ, నిద్రలేమికీ నూనె మాడుకు పెట్టి మర్దన చేస్తారు. మా అత్తమ్మ బతికున్నన్నాళ్ళూ తలగడ కింద ఆ నూనె సీసా వుండేది. పొరుగింటి ఖాలాజాన్ నిజామాబాదు వెళ్ళినప్పుడల్లా తెచ్చి పెట్టేది. రాత్రి పొద్దుపోయాక మా అత్తమ్మ నన్ను పిలిచి, “జర తలకు రాయి బిడ్డా” అనేది. పావుగంట రాసేసరికి గురక మొదలయ్యేది. నూనె మహిమా, చేతి మహిమా అంటే ఏం చెప్పను? రెండూ అనుకుందాం.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. గింజలో పాలుండవు. గింజల నూనె వేరు, కాడలో పాలు వేరు. నూనె బాగా పనిచేసిందని ఎవరైనా చెబితే, అది పాలకు సాక్ష్యం కాదు. మందుల కబుర్లలో ఒకదాని పేరు మరొకదానికి తగిలించడం మామూలు. మనం మాత్రం విడదీసి చూడాలి.

నల్లమందు సంగతి కూడా చెప్పక తప్పదు. పూర్వం దేశంలో చాలాచోట్ల ఆడవాళ్ళు పసిపిల్లలకు చిటికెడు నల్లమందు నాకించి పనికి వెళ్ళేవారు. చెడ్డతనంతో కాదు. కలుపు తీయాలి, కూలికి పోవాలి, మిల్లులో నిలబడాలి. పిల్ల ఏడిస్తే చూసే దిక్కు లేదు. 1893లో బ్రిటిషు ప్రభుత్వం నల్లమందు మీద ఒక రాయల్ కమిషన్ వేసింది. 1895లో నివేదిక వచ్చింది. పసిపిల్లలకు నల్లమందు పెట్టే అలవాటును గురించి ఎందరో ఆ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పారు. మోతాదు ఎక్కువై లేవని పిల్లలుంటారు గదా, వాళ్ళ లెక్క ఎవరు రాశారు? నిద్ర అన్నది పేదవాళ్ళ ఇంట్లో ఎప్పుడూ ఖరీదైన వస్తువే తల్లీ. అందుకే దాని పేరుతో ఏదమ్మినా చెల్లిపోతుంది.

సరిగ్గా ఇదే భయంతో పడమటి దేశాల వైద్యులు కాహూ వైపు చూశారు. నల్లమందు నిద్రనిస్తుంది గాని అలవాటు వదలదు, మలబద్ధకం తెస్తుంది. దాని సుగుణాలుండి దుర్గుణాలు లేనిది ఏదైనా దొరికితే? 1799లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ రెడ్‌మన్ కాక్స్ అనే వైద్యుడు, తోటలో పెరిగే మామూలు కాహూ పాలను ఎండబెట్టి, నల్లమందుతో పోల్చి చూసి వ్యాసం ప్రచురించాడు. కొద్దికాలానికే ఎడిన్‌బరోలో ఆండ్రూ డంకన్ అనే వైద్యుడు ఆ ఎండు పాలకు లాక్టుకేరియం అని పేరు పెట్టి, రోగులకు యివ్వడం మొదలుపెట్టాడు. జనం దాన్ని కాహూ నల్లమందు అన్నారు. అందులో నల్లమందు లేదు. గసగసాల పాలలో వుండే మార్ఫిన్ కాహూ పాలలో వుండదు. అయినా ఆ పేరే అతుక్కుపోయింది, ఆ పేరుతోనే అమ్ముడుపోయింది.

జర్మనీలో మోజెల్ నది ఒడ్డున జెల్ అనే ఊళ్ళో 1847 నుంచి ఈ పాల కోసమే కాహూ పెంచేవారు. ఎలా తీసేవారో వింటే మీకు తెలిసిన మనుషులే కళ్ళ ముందు మెదులుతారు. మొక్క పూతకు రాగానే తల కోసేస్తారు. కారిన పాలను వేలితో చిన్న మట్టి గిన్నెలోకి తీసుకుంటారు. మర్నాడు కాడ కొసను మళ్ళీ పల్చగా ఒక చెక్కు తీస్తారు. మళ్ళీ పాలు. ఇలా మే నెల నుంచి సెప్టెంబరు దాకా రోజూ చెక్కడమే. మన గౌడన్నలు మోకు వేసుకుని తాటిచెట్టెక్కి, గెల కొసను రోజూ సన్నగా చెక్కి లొట్టి కట్టడం లేదూ? అదే విద్య. కాకపోతే వాళ్ళది మోకాటి ఎత్తు మడి, మన వాళ్ళది ఆకాశమంత చెట్టు.

ఫ్రాన్సులో ఓబెర్జియే అనే మందుల తయారీదారు ఇంకో అడుగు ముందుకు వేశాడు. కాహూ పాలతో చక్కెర పాకం కట్టి దగ్గుకూ నిద్రకూ షర్బత్తు చేశాడు. అది అమెరికా దాకా పోయి పేరు తెచ్చుకుంది. తియ్యగా వుంటుంది, పిల్లలు మారాం చేయరు, కాహూ అంటే ఆకుకూరే గదా అని తల్లులకు ధైర్యం. కాని ఫ్రెంచి ప్రభుత్వ మందుల గ్రంథంలో ఆ షర్బత్తు పాళ్ళు చూస్తే, కాహూ పాల సారంతో పాటు నల్లమందు సారం కూడా వుంది. దాని పేరే నల్లమందు కలిపిన కాహూ పాకం.

అంటే ఏమైంది? డియోస్కోరిడెస్ కాలంలో నల్లమందు పేరు చెప్పి కాహూ పాలు అమ్మారు. 19వ శతాబ్దం వచ్చేసరికి కాహూ పాల వెనక నల్లమందు నిలబడింది. మెత్తనిది గట్టిదాని పేరుతో, గట్టిది మెత్తనిదాని ముసుగులో. నిద్రమందుల చరిత్రలో ఇంతకంటే పెద్ద పాఠం నాకు కనబడలేదు.

1869లో బెర్లిన్‌లో లీబ్రైఖ్ అనే శాస్త్రజ్ఞుడు క్లోరల్ హైడ్రేట్ అనే రసాయనం నిద్ర తెప్పిస్తుందని చెప్పాడు. చెట్టూ అక్కరలేదు, మడీ అక్కరలేదు, ఫ్యాక్టరీలో చేసుకోవచ్చు, పని ఖాయం. 1903లో వెరొనాల్ అనే మరో నిద్రమందు వచ్చింది. వీటి ముందు కాహూ పాలు నిలవలేదు. మెల్లగా మందుల గ్రంథాల్లోంచి జారిపోయాయి.

క్లోరల్ హైడ్రేట్! ఆ పేరు మీరెక్కడో విన్నట్టుందా? విన్నారు. మన నిజామాబాదు జిల్లాలో కల్తీ కల్లు పట్టుబడ్డప్పుడల్లా పేపర్లో వచ్చే పేరు అదే. దాని తోడు డయాజిపామ్, ఆల్ప్రజోలం. కథ మన వాకిట్లోకి వస్తుందన్నానే, వచ్చింది.

ఇది చక్కెర సీమ. నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయ్యాక మంజీర నీళ్ళతో చెరుకు విస్తరించింది. 1930ల చివర బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ లేచింది. క్రషింగ్ మొదలైతే రాత్రీ పగలూ ఒకటే. చెరుకు నరికేవాళ్ళకు, బండ్ల దగ్గర కాపలా పడుకునేవాళ్ళకు, నైటు షిఫ్టు వాళ్ళకు ఒళ్ళు నొప్పులు, నిద్రలేమి. వాళ్ళకు దొరికే ఓదార్పు సాయంత్రం కల్లు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. కల్లు మాత్రం మూతపడలేదు. చెట్ల నుంచి దిగే కల్లు కంటే దుకాణంలో పోసే కల్లు ఎక్కువైనప్పుడు, ఆ తేడా ఎక్కణ్ణుంచి వస్తోందో అడగాల్సిందే గదా!

అదే 2015లో కల్తీ కల్లు మీద అధికారులు గట్టిగా దాడులు చేశారు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. కల్లు దొరకని మనుషులు చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, మతి తప్పి ఏదేదో మాట్లాడుతూ మన జిల్లా ఆసుపత్రులకు వచ్చారు. వాళ్ళలో ఆడవాళ్ళూ వున్నారు.  వాళ్ళు తాగినది పేరుకు కల్లు, లోపల నిద్రమాత్రలు. తెల్లగా వుంది, చెట్టుదన్నారు, చలవ చేస్తుందన్నారు. నిజాయితీగా చెట్టెక్కి దించే గౌడన్న కష్టానికీ ఇది మచ్చే. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. అంటే ఇది తీరిపోయిన కథ కాదు.

ఇంతకీ కాహూ పాలు నిద్ర తెప్పిస్తాయా? నేను మెట్రిక్ చదివినదాన్ని, డాక్టర్ని కాను. తెలిసినంత చెబుతాను. 2006లో పోలండు పరిశోధకులు కాహూ పాలలోని చేదు పదార్థాలు, లాక్టుసిన్, లాక్టుకోపిక్రిన్ అనే వాటిని ఎలుకలకిచ్చి చూశారు. నొప్పి కొంత తగ్గింది, ఎలుకలు కొంత మందగించాయి. కనుక పూర్వులు వట్టి కట్టుకథ చెప్పలేదు. కాని ఎలుక వేరు, మనిషి వేరు. విడిగా తీసిన పదార్థం వేరు, మనం తినే నాలుగు ఆకులు వేరు. అలాగని అడవి కాహూ పిచ్చిమొక్కే గదా, ఏమీ చేయదులే అనుకోవడానికీ లేదు. అది తిని జబ్బుపడ్డ ఎనిమిది మందిని గురించి 2009లో ఇరాన్ వైద్యులు రాశారు.

కాబట్టి అక్కచెల్లెళ్ళారా, పెరట్లో కాహూ వేసుకోండి. లేత ఆకు నిమ్మరసం, ఉప్పు చల్లుకుని తినండి. కాస్త చేదు తగిలితే ఇవే ఆ పాలని పిల్లలకు చూపించండి. తలకు నూనె రాసుకోండి, తప్పు లేదు. కాని నిద్ర పేరుతో ఎవరైనా సీసా చేతిలో పెడితే, ఆకుదని, చెట్టుదని, పాలలా తెల్లగా వుందని నమ్మకండి. ‘ఇందులో ఏముంది, ఎంత వుంది?’ అని అడగండి. దుకాణంలో అడగండి, హకీమును అడగండి, డాక్టర్నీ అడగండి. పసిపిల్ల ఏడుపుకు, ముసలివాళ్ళ జాగరణకు ఎవరో చెప్పిన చుక్కలు పోయకండి.

ఇంట్లో ఎవరికైనా ఆ కల్లు అలవాటై వుంటే, ఒక్కరోజున కట్టడి చేసి గదిలో పెట్టి తాళం వేయకండి. అలా ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. సిగ్గుపడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళి, రోజుకెంత తాగేవాడో వున్నది వున్నట్టు చెప్పండి. డాక్టర్లు మందు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ ఒడ్డున పడేస్తారు. మనిషికి కావలసింది నిద్రే, మత్తు కాదు. నిద్రపోయినవాడు తెల్లవారి తేటగా లేస్తాడు. మత్తులో వున్నవాడు లేచినా ఇంకా అందులోనే వుంటాడు. ఆ తేడాను ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టగలిగేది, అందరికంటే ముందు లేచే మనమే.

సెలవు.